మార్గళి వారం: చెన్నై సభల్లో ఏడు రోజులు కచేరీలు వినడం ఎలా

మొదటిసారి డిసెంబరులో చెన్నై వెళ్లినప్పుడు ఆరు రోజుల్లో ఇరవై రెండు కర్ణాటక సంగీత కచేరీలు విన్నాను. విన్నాను అనడం కంటే కూర్చున్నాను అనడం న్యాయం. నాలుగో రోజు సాయంత్రం తోడి రాగం ఆలాపన మధ్యలో నిద్ర పట్టేసింది. పక్కనున్న మామి మోచేత్తో పొడిచి లేపారు. గురక పెట్టానట, అదీ శ్రుతి తప్పి.

ఇక్కడ చెప్పే పద్ధతంతా ఆ తర్వాతి డిసెంబర్లలో తప్పులు చేసుకుంటూ కుదుర్చుకున్నది. అసలు సూత్రం ఒక్కటే: రోజుకు రెండు కచేరీలు. మూడోది ఉచితంగా వచ్చినా వద్దు. చెవికీ ఆకలి ఉంటుంది, అది తీరాక ఎంత గొప్ప గాత్రమైనా చప్పుడే.

ముందు వారం ఖాయం చేసుకోండి, కళాకారుల సంగతి తర్వాత

ఈ డిసెంబరు కచేరీల కాలాన్ని చెన్నైలో ఒట్టి "సీజన్" అంటారు. కచేరీలు ఏర్పాటు చేసే సంస్థలే సభలు. కొన్ని సభలు నవంబరు చివర్లోనే మొదలుపెడతాయి, కొన్ని సంక్రాంతి దాకా లాగుతాయి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఉత్సవం మాత్రం డిసెంబరు 15న మొదలై జనవరి 1న ముగుస్తుంది, మిగతా సభల సందడి కూడా ఆ రోజుల్లోనే చిక్కగా ఉంటుంది. డిసెంబరే ఎందుకంటే, 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దాంతోపాటే అఖిల భారత సంగీత సమ్మేళనం కూడా పెట్టారు. ఆ సమ్మేళనంలో పుట్టిన ఆలోచనే మరుసటి ఏడు, 1928లో, అకాడమీ అయింది.

నన్నడిగితే 16 నుంచి 23 మధ్య వారం మంచిది. క్రిస్మస్ దాటాక విదేశాల నుంచి వచ్చినవాళ్లతో హాళ్లు నిండిపోతాయి, గదుల అద్దెలూ పెరుగుతాయి. అయితే అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చే "సదస్సు" కళ్లారా చూడాలనుంటే జనవరి 1న అక్కడ ఉండాల్సిందే. బాలమురళీకృష్ణ (1978), శ్రీపాద పినాకపాణి (1983), నేదునూరి కృష్ణమూర్తి (1991) ఈ బిరుదు అందుకున్నవాళ్లే.

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. అంటే డిసెంబరు 17న బయలుదేరాలంటే అక్టోబరు 18 పొద్దున ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఇక్కడో చిక్కు ఉంది. చాలా సభల కార్యక్రమ పట్టికలు నవంబరులో గానీ బయటికి రావు. ఎవరు పాడతారో తెలియకుండా టికెట్ ఎలా కొనాలని ఆగారా, వెయిటింగ్ లిస్టే గతి. కొనేయండి. ఆ వారంలో ఏ రోజైనా వినదగినవాళ్లు కనీసం నలుగురు పాడుతుంటారు.

బస మైలాపూరులో

టి. నగర్‌లో గదులు దొరుకుతాయి, షాపింగూ అయిపోతుందని ఆశపడతారు. వద్దు. ఆ రద్దీలోంచి రోజూ బయటపడటమే ఒక పని. మైలాపూరు, ఆళ్వార్‌పేట, రాయపేట, ఈ మూడింటిలో ఎక్కడైనా చిన్న గది చూసుకోండి. అకాడమీ టీటీకే రోడ్డు మొదట్లో ఉంటుంది. అదే రోడ్డు పట్టుకుని దక్షిణంగా నడిస్తే ఆళ్వార్‌పేటలో నారద గాన సభ. మైలాపూరు లోపల రసిక రంజని సభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ క్లబ్, కపాలీశ్వరుడి గుడి పక్క మాడవీధిలో భారతీయ విద్యా భవన్, లజ్ వైపు రాగసుధ హాలు. వీటిలో చాలావాటి మధ్య దూరం నడకే.

టి. నగర్‌లోనివి రెండే ముఖ్యం: కృష్ణ గాన సభ, వాణీ మహల్. రెండోది మన చిత్తూరు నాగయ్యగారి చొరవతో పుట్టిన సభ. అందుకోసమైనా ఒక సాయంత్రం అటు వెళ్లండి. ఆ రోజు మధ్యాహ్నం కచేరీ కూడా టి. నగర్‌లోనే ఎంచుకుంటే ఊరు దాటే పని ఉండదు. ఒకే రోజు రెండు మూలల్లో రెండు హాళ్లు పెట్టుకోవద్దు. మెట్రో రెండో దశ తవ్వకాలతో లజ్ చుట్టుపక్కల దారులు ఎటు మళ్లిస్తారో ఆటోవాళ్లకే తెలియడం లేదు.

పట్టిక చదవడం

పేపర్ల సీజన్ అనుబంధాలూ కచేరీబజ్ లాంటి సైట్లూ సభలన్నిటి పట్టికలూ ఒక్కచోట ఇస్తాయి. మొదటిసారి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒకే సాయంత్రం పదిహేను చోట్ల కచేరీలుంటాయి మరి. ఇలా వడగట్టండి.

ముందు వేళలు చూడండి. మధ్యాహ్నం పన్నెండు, రెండు ప్రాంతాల్లో పాడేవాళ్లు కొత్తవాళ్లు. నాలుగింటికి పాడేవాళ్లను "సబ్ సీనియర్" అంటారు. ఆరున్నర, ఏడింటివి పెద్దవాళ్లవి. మధ్యాహ్నం కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు, అకాడమీలో కూడా. తిన్నగా వెళ్లి మూడో వరుసలో కూర్చోవచ్చు.

రోజుకు రెండింటిలో ఒకటి మీకు పేరు తెలిసినవాళ్లది, ఒకటి తెలియనివాళ్లది పెట్టుకోండి. ఇది మొహమాటానికి చెబుతున్నది కాదు. ఇవాళ ఏడింటికి పాడే పేరున్నవాళ్లలో ఎంతోమంది ఒకప్పుడు పన్నెండింటికి ఖాళీ కుర్చీల ముందు పాడినవాళ్లే. పైగా పన్నెండింటికి పాడే అమ్మాయికి ఏడాది మొత్తంలో అంత పెద్ద వేదిక అదొక్కటే కావచ్చు. ఆ గంటన్నర కోసం ఆరు నెలలు సాధన చేసి వచ్చుంటుంది. పెద్దవాళ్లకేమో అది ఆ నెలలో పదో కచేరీ, గొంతు అలిసి ఉండొచ్చు. నేను విన్నవాటిలో బాగా గుర్తుండిపోయినవి నాలుగింటి కచేరీలే.

తర్వాత పేర్ల వరుస చూడండి. మొదట గాత్రమో వీణో వేణువో, ఆ తర్వాత వయొలిన్, మృదంగం, చివర ఘటమో కంజీరో మోర్సింగో. గాయకుల పేర్లు తెలియకపోతే పక్కవాద్యాలను బట్టి ఎంచుకోండి. మంచి మృదంగ విద్వాంసుడు ఒక కుర్రాడికి వాయించడానికి ఒప్పుకున్నాడంటే ఆ కుర్రాడిలో ఏదో ఉన్నట్టే. ఒక మృదంగం నచ్చితే వారమంతా ఆయన వెనకే తిరిగినా తప్పు లేదు, నేనొక ఏడాది అదే పని చేశాను. పట్టికలో మన తెలుగు గాయక జంట మల్లాది సోదరులు కనిపిస్తే మాత్రం మరో ఆలోచన వద్దు, గుర్తు పెట్టేసుకోండి. తెలుగు సాహిత్యం తెలుగు నోట వినే సందర్భం అక్కడ కూడా తరచుగా రాదు.

టికెట్లు

సీజన్ టికెట్ అంటే ఆ సభలోని అన్ని కచేరీలకూ కలిపి ఒక సీటు. వారానికి వచ్చేవాళ్లకు అనవసరం. రోజువారీ టికెట్లు చాలు. సభ వెబ్‌సైట్లోనో టికెట్ యాప్‌లోనో కొనొచ్చు, కౌంటర్‌లోనూ ఇస్తారు. బాగా పేరున్నవాళ్ల కచేరీకి ఆన్‌లైన్‌లో అయిపోయినా కౌంటర్ దగ్గర ఒకసారి అడగండి. బాల్కనీ టికెట్ చవక, అకాడమీలో అక్కడ ధ్వని కూడా బాగుంటుంది. వాద్యకారుల వేళ్లు చూడాలనుకుంటేనే కింద కూర్చోవాలి.

ఏడు రోజులకూ ముందే కొనేయకండి. నాలుగు సాయంత్రాలకు కొని మిగతావి ఖాళీగా ఉంచండి. సభ క్యాంటీన్‌లో ఎవరో ఒకరు "నిన్న ఫలానా అబ్బాయి పాడాడు, ఏం కాంభోజి!" అంటారు. అప్పుడు వెళ్లడానికి చోటుండాలి.

రోజు గడిచే తీరు

ఒక్క రోజైనా తెల్లవారుజామున అయిదున్నరకు లేవండి. మనకు ధనుర్మాసం, వాళ్లకు మార్గళి. కపాలీశ్వరుడి గుడి చుట్టూ నాలుగు మాడవీధుల్లో ముగ్గుల మధ్య భజన బృందాలు పాడుతూ నడుస్తుంటాయి. వాగ్గేయకారుడు పాపనాశం శివన్ ఏళ్ల తరబడి నడిపిన సంప్రదాయమది. మైకు ఉండదు, టికెట్ ఉండదు. వెనకాల నడవడమే.

ఎనిమిదింటికి అకాడమీలో ఉపన్యాస ప్రదర్శనలు మొదలవుతాయి, అందరూ లెక్‌డెమ్ అంటారు. రాగాల పాత రూపాలు, తాళ లెక్కలు, పల్లవి కట్టడం లాంటివి పాడి చూపిస్తూ మాట్లాడతారు. ఎక్కువభాగం ఇంగ్లీషులోనే. సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఆ సాయంత్రం వినే కచేరీలో ఏదో ఒక చోట ఆ ముక్క తగులుతుంది. దీన్ని నేను కచేరీగా లెక్కపెట్టను కాబట్టి రోజుకు రెండు అన్న సూత్రానికి భంగం లేదు.

మధ్యాహ్నం ఒకటి విని, భోజనం చేసి, గదికి వెళ్లి నిద్రపోండి. నిజంగా నిద్రపోండి, ఫోను చూస్తూ పడుకోవడం కాదు. సాయంత్రం కచేరీ రెండున్నర గంటలు తక్కువ కాకుండా సాగుతుంది. అసలు సరుకంతా రెండో సగంలోనే ఉంటుంది.

సంచిలో మూడు వస్తువులు: శాలువా, గొడుగు, చిన్న నోటు పుస్తకం. బయట ఉక్కపోత ఉన్నా హాళ్లలో ఏసీ ఎముకలు కొరికేస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరులో ఎప్పుడైనా పడొచ్చు. పుస్తకం ఎందుకో చెబుతాను.

హాల్లో కూర్చున్నాక

పాట మధ్యలో తలుపు తీసుకుని వెళ్లకండి, లేవకండి. ఒక పాట అయి చప్పట్లు పడ్డాకే కదలాలి. రికార్డింగ్ చేయొద్దు. ఇంతే మర్యాదలు. వేషం గురించి బెంగ వద్దు. కంచి పట్టు ముందు వరుసల్లోనే, వెనక వరుసలంతా మామూలు చొక్కాలే.

సంగీతం నేర్చుకోకపోతే ఏమీ తెలియదనుకుంటారు. చేతికి ముందు తాళం అప్పజెప్పండి. ఎక్కువ పాటలు ఆది తాళంలో ఉంటాయి, ఎనిమిది లెక్కలు. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, చెయ్యి తిప్పడం, మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం. ఎనిమిది కుదరకపోతే మూడు చూడండి: దెబ్బ, దెబ్బ, తిప్పు. అది రూపకం. ఏదీ కుదరక కుంటుతున్నట్టు ఉంటే "తకిట తకధిమి" అనుకోండి, ఏడు లెక్కల మిశ్రచాపు కావచ్చు. తప్పుతుంది. చుట్టూ చూసి పెద్దవాళ్ల చేయి పట్టుకోండి, అంటే కళ్లతో.

రాగాల విషయంలో అత్యాశ వద్దు. వెళ్లేముందు నెల రోజులు నాలుగంటే నాలుగు రాగాలు చెవిలో వేసుకోండి: కల్యాణి, తోడి, ఖరహరప్రియ, కాంభోజి. ఒక్కో రాగానికి ఒక్క కృతి పట్టుకుంటే చాలు. "నిధి చాల సుఖమా" కల్యాణి, "చక్కని రాజమార్గము" ఖరహరప్రియ, "ఓ రంగశాయి" కాంభోజి, "ఎందుకు దయరాదురా" తోడి. గాయకుడు మాటలు లేకుండా రాగం విస్తరించడం మొదలుపెట్టగానే ఏ పాట గుర్తొస్తోందో చూసుకోండి. పాట గుర్తొచ్చిందంటే రాగం దొరికినట్టే. కచేరీలో ప్రధాన అంశంగా విస్తరించేవి తరచూ ఇలాంటి పెద్ద రాగాలే, కాబట్టి వారంలో వీటిలో రెండు మూడైనా తగులుతాయి.

ఇక మీ చేతిలో ఉన్న అసలు ఆస్తి వేరు. త్యాగరాజు (1767–1847) తిరువయ్యారులో కూర్చుని రాసింది తెలుగులో. ఆ హాల్లో వెయ్యిమంది ఆయన్ను కొలుస్తారు, వాళ్లలో చాలామందికి ఆ మాటలు అర్థం కావు. మీకు అవుతాయి. ఒక రాత్రి ఖరహరప్రియ అయ్యాక పక్క సీటు పెద్దాయన "మీరు తెలుగా?" అని ఇంగ్లీషులో అడిగి, "యాభై ఏళ్లుగా వింటున్నాను, ఆ సందుల దూరనేల అంటే ఏమిటండీ?" అన్నారు. రాచబాట ఉండగా సందుల్లో దూరడం దేనికని మనసుని అడుగుతున్నాడు అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఇవాళ నన్ను ఆటోవాడు తీసుకొచ్చింది ఆ దారినే" అని నవ్వారు. ఇంటర్వెల్ లేని కచేరీ అది, లేకపోతే కాఫీ తాగించేవారే.

అందుకే నెరవల్ దగ్గర చెవులు రిక్కించండి. పాటలోంచి ఒక పంక్తి తీసుకుని, తాళం తప్పకుండా, దాన్నే పదిరకాలుగా తిప్పి పాడటం నెరవల్. "నిధి చాల సుఖమా"లో అది తరచుగా "మమతా బంధన" పంక్తి మీద వస్తుంది. మనుషుల్ని పొగడటంలో సుఖముందా అన్న ప్రశ్న. ఆ ప్రశ్న పదిసార్లు పది గొంతులతో వినిపిస్తుంది, ఒకసారి నిలదీస్తున్నట్టు, ఒకసారి తనను తాను అడుగుతున్నట్టు. అర్థం తెలిసినవాడికి అది వేరే కచేరీ.

ఉచ్చారణ దగ్గర కొంచెం ఓర్పు పట్టాలి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. పాఠ్య పుస్తకాల్లో అక్షరం నెత్తిన చిన్న అంకెలు వేసి ఏది క, ఏది గ, ఏది ఘ అని గుర్తు పెట్టుకుని మరీ నేర్చుకుంటారు. మాట ఎక్కడ విరవాలో తెలియక విరిచేసినప్పుడు మొహం చిట్లించకండి. మన పిల్లల్లో ఎంతమంది ఈ కృతులు పాడుతున్నారో ఒకసారి లెక్కపెట్టుకుంటే కోపం అదే చల్లారుతుంది.

ప్రధాన కృతి చివర తనియావర్తనం వస్తుంది. గాయకులు చేయి దించి తాళం వేస్తారు, మృదంగం, ఘటం ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తాయి. సగం హాలు లేచి క్యాంటీన్‌కు పోయేది సరిగ్గా ఇప్పుడే. మీరు పోకండి. తాళం పట్టుకుని కూర్చోండి. మొదట ఇద్దరూ పొడుగ్గా వాయిస్తారు, తర్వాత ఒకరి మాట ఒకరు అందుకుంటూ ముక్కలు చిన్నవి చేసుకుంటూ వస్తారు. దాన్ని కురైప్పు అంటారు. ఆపైన ఇద్దరూ కలిసి వాయించే మోహరా, చివర మూడుసార్లు తిరిగే కోర్వై. ఆ మూడోసారి ముగిసిన చోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా, గాయకుడు పాట ఎత్తుకుంటాడు. మీ చెయ్యి కూడా అక్కడికే వచ్చి ఆగితే ఆ రాత్రి నిద్ర పట్టదు.

కచేరీ అయ్యాక గదికి వెళ్లి పుస్తకంలో మూడు వరుసలు రాయండి. ఏ రాగం అనుకున్నాను, ఏది నచ్చింది, ఎక్కడ దారి తప్పాను. పక్కవాళ్లను రాగం పేరు అడగడానికి సిగ్గుపడొద్దు. అడగకపోతేనే వాళ్లకు బాధ.

క్యాంటీన్

కచేరీ టికెట్ లేకపోయినా తినడానికి వెళ్లొచ్చు. మధ్యాహ్నం అరిటాకు భోజనం, సాయంత్రం అడై అవియల్, కీర వడ, రవ్వ దోశ, ఫిల్టర్ కాఫీ. ఆరుంపావుకు వెళ్తే క్యూలోనే కచేరీ మొదలైపోతుంది, అయిదుకే తినేయండి. కడుపు నిండా తిని ఏసీ హాల్లో కూర్చుంటే ఏమవుతుందో మొదట్లోనే చెప్పాను.

నాలుగో రోజు

ఆ రోజు శాస్త్రీయ సంగీతం జోలికి పోవద్దు. బీసెంట్ నగర్ బీచ్‌కు వెళ్లండి, ఊరికే తిరగండి. డిసెంబరు చివరి వారంలో ఉంటే "మార్గళియిల్ మక్కళ్ ఇసై" ఎక్కడ జరుగుతోందో కనుక్కోండి. దర్శకుడు పా. రంజిత్ నెలకొల్పిన నీలం సాంస్కృతిక కేంద్రం 2020 నుంచి నడుపుతున్న వేడుక. గానా అనే చెన్నై బస్తీ పాటలు, ఒప్పారి, పఱై డప్పులు. ఒప్పారి అంటే చావు ఇంటి ఏడుపు పాట. సభల్లో వినిపించని మద్రాసు అక్కడ వినిపిస్తుంది. మర్నాడు సభకు తిరిగి వస్తే మృదంగం మీద పడే దెబ్బ వేరేగా వినిపిస్తుంది.

తిరుగు ప్రయాణం

చివరి సాయంత్రం కచేరీ ఉంటే ఆ రాత్రి రైలు పెట్టుకోకండి, మర్నాటి పొద్దున రైలు తీసుకోండి. కచేరీ తొమ్మిదింటికి అవుతుందని పట్టికలో ఉన్నా, గాయకుడికి ఊపు వస్తే తొమ్మిదిన్నర దాటుతుంది. అక్కడి నుంచి సెంట్రల్ స్టేషన్‌కు ఆ వేళ ఆటో దొరకడం ఒక పరీక్ష. ఒకసారి నేను తుక్కడాలు, అంటే చివర్లో పాడే చిన్న పాటలు, మొదలు కాగానే సంచి భుజాన వేసుకుని లేచాను. వెనక తలుపు మూస్తుంటే లోపల క్షేత్రయ్య పదం ఎత్తుకున్నారు, ఆ వారమంతా ఎవరైనా పాడతారేమోనని నేను ఎదురుచూసిన పదం. పరుగెత్తి స్టేషన్ చేరేసరికి రైలు గంటన్నర ఆలస్యమని బోర్డు మీద వెలుగుతోంది.